చింతపిక్కల నుంచి జెల్ దాకా: కొడవలి కణ వ్యాధి ఆధారంగా అనువంశికత, జన్యు పరీక్షల ప్రయోగ పాఠం

పదో తరగతిలో అనువంశికత పాఠాన్ని మనలో చాలామంది బఠాణీ మొక్కలతో మొదలుపెట్టి 3:1 నిష్పత్తితో ముగిస్తాం. పిల్లలు గడుల పట్టిక నింపడం నేర్చుకుంటారు, మార్కులు కూడా తెచ్చుకుంటారు. అయితే అదే పిల్లల చేతికి ఒక రక్తపరీక్ష నివేదిక ఇచ్చి, ఇందులో ‘వాహకురాలు’ అని రాసి ఉంది, ఈమెకు జబ్బు ఉన్నట్టా లేనట్టా అని అడిగితే, పట్టిక తప్పు లేకుండా నింపిన విద్యార్థి కూడా జబ్బు ఉందనే చెబుతాడు. నివేదికను సరిగ్గా చదివి, దాని అర్థాన్ని ఇంట్లో వాళ్లకు వివరించగలిగే స్థాయికి విద్యార్థిని తీసుకురావడమే ఇక్కడ వివరించే ప్రయోగాల లక్ష్యం. ఇందుకు నాలుగు పీరియడ్లు, నివేదిక రాయించడానికి మరొకటి పడతాయి. ఖరీదైన పరికరాలు అవసరం లేదు.

ఉదాహరణగా కొడవలి కణ రక్తహీనతను, అంటే మన ఆసుపత్రుల్లో సికిల్ సెల్ అని పిలిచే, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వ్యాధిని ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ఇది ఒకే జన్యువులో, ఒకే అక్షరం మారడం వల్ల వచ్చే వ్యాధి కనుక మెండెల్ సూత్రానికి నేరుగా లొంగుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో ఇది ఉంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం, 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. కనుక మన విద్యార్థుల్లో కొందరి ఇళ్లలో ఈ పరీక్ష ఫలితాల కార్డులు ఇప్పటికే ఉండవచ్చు.

మొదలుపెట్టే ముందు మానుకోవలసినవి

నాలుక మడత, చెవి తమ్మె, చెంప సొట్ట వంటి వాటిని ఏక జన్యు లక్షణాలుగా చూపించే పాత అలవాటును వదిలేయాలని నా గట్టి సూచన. నాలుక మడత బహిర్గత లక్షణమని, అంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఒక్క జన్యువు వచ్చినా కనిపించేదని 1940లో జన్యు శాస్త్రవేత్త స్టర్టెవాంట్ ప్రతిపాదించిన మాట నిజమే కానీ, 1952లో మాట్లాక్ సమరూప కవలలను పరిశీలించినప్పుడు 33 జంటల్లో 7 జంటల్లో ఒకరు నాలుక మడవగలిగారు, మరొకరు మడవలేకపోయారు. ఒకే జన్యువులున్న ఇద్దరిలోనే లక్షణం వేరుగా ఉంటే, అమ్మానాన్నలకు రాని మడత తనకు వచ్చిందేమిటని ఒక పిల్లవాడు ఇంటికి వెళ్లి మథనపడే పరిస్థితిని మనం తరగతిలో కల్పించకూడదు.

అదే కారణంతో సొంత కుటుంబ వంశవృక్షం గీయించడం, సొంత రక్త గ్రూపులను తల్లిదండ్రుల గ్రూపులతో పోల్చి చూడమనడం కూడా వద్దు. తరగతిలో దత్తత పిల్లలు ఉండవచ్చు, ఆ సంగతి వాళ్లకే తెలియకపోవచ్చు. పైగా రక్త గ్రూపుల లెక్క మనం చెప్పేంత సూటిగా ఉండదు. 1952లో భెండే బృందం వెల్లడించిన బాంబే రక్త గ్రూపు గలవాళ్లు సాధారణ పరీక్షలో ‘ఓ’ గ్రూపుగానే కనిపిస్తారు, కాబట్టి తల్లిదండ్రుల్లో ఒకరు ‘ఏబీ’ అయినా బిడ్డ పరీక్షలో ‘ఓ’గా తేలడం అసాధ్యం కాదు. ఇక విద్యార్థుల రక్తం తీయడం అన్న ప్రశ్నే రాకూడదు. ప్రయోగాలన్నీ కల్పిత కుటుంబం మీదే జరగాలి. తరగతిలో గిరిజన విద్యార్థులు ఉంటే, ఇది ఫలానా వాళ్ల జబ్బు అన్న ధ్వని రాకుండా మాట్లాడాలి. ఆఫ్రికా, మధ్యధరా ప్రాంతం, అరేబియాలలో కూడా ఈ వ్యాధి ఉందని, మలేరియా ఎక్కువగా ఉన్న చోట వాహకులకు, అంటే ఒక మామూలు జన్యువు, ఒక కొడవలి జన్యువు ఉన్నవాళ్లకు, ఆ జ్వరం ముదరకుండా రక్షణ దొరకడం వల్లే ఈ జన్యువు తరాల తరబడి నిలిచిందని మొదటే చెప్పేస్తే మంచిది.

మొదటి పీరియడ్: చింతపిక్కలు

ప్రతి ఇద్దరు విద్యార్థులకు రెండు చిన్న గుడ్డ సంచులు, నాలుగు చింతపిక్కలు ఇవ్వాలి. ఒక సంచి అమ్మ, ఒక సంచి నాన్న. ప్రతి సంచిలో ఒక గుర్తు లేని పిక్క, ఒక గుర్తు ఉన్న పిక్క ఉంటాయి. గుర్తు లేనిది మామూలు హిమోగ్లోబిన్ ఇచ్చే ‘ఏ’ యుగ్మ వికల్పకం (అంటే ఒక జన్యువుకు ఉండే రూపాల్లో ఒకటి), గుర్తు ఉన్నది కొడవలి రూపం ‘ఎస్’. చూడకుండా ఒక్కో సంచి నుంచి ఒక్కో పిక్క తీస్తే ఒక బిడ్డ జన్యురూపం, అంటే ఆ రెండింటి జత తేలుతుంది: రెండూ ‘ఏ’ అయితే జబ్బు లేదు, ఒకటి ‘ఏ’ ఒకటి ‘ఎస్’ అయితే వాహకులు, రెండూ ‘ఎస్’ అయితే జబ్బు. రాసుకున్నాక పిక్కలను మళ్లీ వాటి సంచుల్లోనే వేసి, ఇలా నలుగురు బిడ్డల వరకు తీయాలి.

ఇక్కడ నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. అష్టాచెమ్మా ఆటలో లాగా పిక్కలను ఒక వైపు అరగదీసి తెల్లగా చేసి, వాటినే ‘ఎస్’ అనుకోమన్నాను. ఒక జంటకు నాలుగుసార్లూ ‘ఏఏ’ బిడ్డే వచ్చింది. అనుమానంతో దగ్గరికి వెళ్లి చూస్తే, ఆ అమ్మాయి సంచిలో చేయి పెట్టి బొటనవేలితో పిక్కను తడిమి, గరుకుగా తగిలితే వదిలేసి నున్నటిది తీస్తోంది. అడిగితే, జబ్బు బిడ్డ ఎందుకండీ అంది. అప్పటినుంచి మార్కర్ సిరాతో చిన్న చుక్క మాత్రమే పెడుతున్నాను, అది వేలికి తెలియదు. పిక్కను ఎగరేసి ఏ వైపు పడిందో చూసే పద్ధతి కూడా పనికిరాదు. సగానికి అరిగిన పిక్క రెండు వైపులా సమానంగా పడదు.

ఫలితాలు వచ్చాక బోర్డు మీద ప్రతి జంట పేరెదురుగా ‘ఎస్‌ఎస్’ బిడ్డలు ఎందరో రాయండి. నలుగురిలో ఒకరు అని పుస్తకంలో చదివిన పిల్లలు ప్రతి జంటకూ ఒకటి వస్తుందని ఎదురుచూస్తారు. నిజానికి నలుగురిలో సరిగ్గా ఒకరికే వ్యాధి వచ్చే అవకాశం 256లో 108, అంటే సుమారు 42 శాతం మాత్రమే. ఒక్కరికీ రాకపోయే అవకాశం 256లో 81, దాదాపు 32 శాతం. 20 జంటలున్న తరగతిలో ఆరు జంటల దాకా సున్నా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. మొత్తం 80 మంది బిడ్డలను కలిపి లెక్కిస్తే మాత్రం సంఖ్య 20కి దగ్గర్లో వస్తుంది.

ఈ పీరియడ్‌లో ఎక్కువ సేపు ఆగవలసింది ఇక్కడే. మొదటి బిడ్డ ‘ఎస్‌ఎస్’ వచ్చిన జంటను లేపి, మీకు రాబోయే ముగ్గురి సంగతేమిటని అడగండి. నలుగురిలో ఒకరు అన్నారు, ఆ ఒకరు అయిపోయారు, ఇక భయం లేదు అని జవాబు వస్తుంది. పెద్దవాళ్లు కూడా ఇలాగే అనుకుని మోసపోతారు. పిక్కలను తిరిగి సంచిలో వేయడం ఎందుకో ఆ జంట చేతే చెప్పించాలి. ప్రతి కాన్పులోనూ సంచిలో రెండు పిక్కలూ ఉంటాయి, ప్రతిసారీ అవకాశం నాలుగో వంతే. ఈ మాట మీరు చెబితే నోట్సులోకి వెళ్తుంది, సంచిలో చేయి పెట్టిన పిల్లవాడు చెబితే తరగతికి గుర్తుండిపోతుంది.

సమయం మిగిలితే మేనరికాన్ని కూడా ఇదే పిక్కలతో చూపవచ్చు. అమ్మమ్మ ఒక్కరే వాహకురాలు, బయటి నుంచి ఆ కుటుంబంలోకి వచ్చిన వారెవరూ వాహకులు కారు అనుకుందాం. ఆమె కొడుకు వాహకుడయ్యే అవకాశం సగం, కూతురి బిడ్డ వాహకురాలయ్యే అవకాశం నాలుగో వంతు. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎనిమిదో వంతు, వాళ్లకు పుట్టే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 32లో ఒకటి. అన్న కూతురు, చెల్లెలి కొడుకు చేసుకుంటే అది 64లో ఒకటి. అదే మేనమామ వాహకురాలు కాని అమ్మాయిని చేసుకుంటే సున్నా. అంకెలు చెప్పి ఆగండి. తరగతిలో మేనరికపు పిల్లలు తప్పక ఉంటారు, వాళ్ల అమ్మానాన్నల పెళ్లి మీద తీర్పు చెప్పడం మన పని కాదు.

రెండో పీరియడ్: కాగితపు జన్యువు

ఈ పీరియడ్ మొదటి పది నిమిషాల్లో అరటిపండు నుంచి డీఎన్‌ఏ తీసి చూపవచ్చు. పండు గుజ్జులో ఉప్పు, నీళ్లు, కొద్దిగా గిన్నెలు తోమే ద్రవం కలిపి, గుడ్డలో వడగట్టి, గాజు గొట్టం అంచు వెంట చల్లని స్పిరిట్‌ను మెల్లగా పోస్తే రెండు పొరల మధ్య తెల్లటి దారపు ముద్ద తేలుతుంది. అందులో డీఎన్‌ఏతో పాటు పెక్టిన్, ప్రొటీన్లు కూడా ఉంటాయని చెప్పడం మరచిపోవద్దు. స్పిరిట్ దగ్గర దీపం ఉండకూడదు. ఈ ప్రయోగం పిల్లలకు ఎంత నచ్చినా పాఠానికి ఇది ఉపోద్ఘాతం మాత్రమే, దీనికే పీరియడంతా ఇవ్వకండి.

అసలు పని కాగితం మీద. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది. డీఎన్‌ఏ ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలతో రాసి ఉంటుంది. మామూలు జన్యువులో ఒకచోట ఆ అక్షరాలు ఏసీటీ, సీసీటీ, జీఏజీ, జీఏజీ, ఏఏజీ అనే వరసలో ఉంటాయి. కొడవలి జన్యువులో మొదటి జీఏజీ స్థానంలో జీటీజీ ఉంటుంది. ఆ ఒక్క అక్షరం వల్ల గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ చేరుతుంది. ఈ రెండు వరసలను రెండు కాగితపు పట్టీల మీద విడివిడిగా రాసి ఇచ్చి, తేడా వెతకమనండి.

తరువాత కత్తెర ఇవ్వండి. ఎంఎస్‌టీ-2 అనే ఎంజైము వరసగా సీ, సీ, టీ, ఆపై ఏదో ఒక అక్షరం, ఆపై ఏ, జీ, జీ ఉన్నచోట మాత్రమే డీఎన్‌ఏను కత్తిరిస్తుంది. మామూలు పట్టీలో ఆ వరస దొరుకుతుంది. కొడవలి పట్టీలో ‘ఏ’ అనే అక్షరం పోయి ‘టీ’ వచ్చింది కనుక దొరకదు, కత్తెర ఆగిపోతుంది. 1980ల తొలి సంవత్సరాల్లో గర్భస్థ శిశువులో ఈ వ్యాధిని గుర్తించడానికి వాడిన పద్ధతి ఇదే. మామూలు జన్యువు 1150, 200 అక్షర జతల ముక్కలుగా తెగుతుంది, కొడవలి జన్యువు 1350 ముక్కగానే మిగులుతుంది. వంద అక్షర జతలకు ఒక సెంటీమీటరు చొప్పున 13.5 సెంటీమీటర్ల పట్టీలు తయారుచేసి, తెగే పట్టీని 11.5, 2 సెంటీమీటర్ల ముక్కలు చేయించి, పొడుగు ముక్క పైన, పొట్టి ముక్క కింద ఉండేలా చార్టు మీద అతికించమనండి. ‘ఏఏ’ వరుసలో రెండు పట్టీలు, ‘ఎస్‌ఎస్’లో ఒకటి, ‘ఏఎస్’లో మూడు కనిపిస్తాయి. వాహకుల వరుసలో మూడు ఎందుకు వచ్చాయో చెప్పగలిగిన విద్యార్థికి పాఠంలో సగం అర్థమైనట్టే.

మూడో పీరియడ్: మొదటి వడపోత పరీక్ష

గ్రామాల్లో మొదట చేసే కరుగుదల పరీక్షలో, రక్తపు చుక్కను ఎర్రకణాలను పగలగొట్టే, ఆక్సిజన్‌ను తొలగించే రసాయనాలున్న గాఢ ఫాస్ఫేట్ ద్రావణంలో కలుపుతారు. ఆక్సిజన్ లేని ‘ఎస్’ హిమోగ్లోబిన్ అందులో కరగక ద్రావణం మసకబారుతుంది. గొట్టం వెనక గీతల కాగితం పెడితే, గీతలు కనిపిస్తే ‘ఎస్’ లేనట్టు, కనిపించకపోతే ఉన్నట్టు. దీన్ని రక్తం లేకుండా అనుకరించడం తేలిక. నాలుగు పరీక్ష నాళికల్లో ఎర్ర రంగు నీళ్లు పోసి, రెండింటిలో గంజి గానీ పాలు గానీ కొన్ని చుక్కలు కలపండి. రూళ్ల నోట్‌బుక్ కాగితాన్ని వెనక పెట్టి చదవమనండి.

నాళికలకు చీటీలు అంటించడంలోనే ఉంది కిటుకు. తేటగా ఉన్న మొదటిది ‘ఏఏ’ వ్యక్తి, మసకగా ఉన్న రెండోది ‘ఏఎస్’, మసకగానే ఉన్న మూడోది ‘ఎస్‌ఎస్’, తేటగా ఉన్న నాలుగోది మూడు నెలల ‘ఎస్‌ఎస్’ పసిబిడ్డ. చీటీల మీద జన్యురూపాలు రాయకుండా అంకెలు మాత్రమే రాసి, ఎవరికి జబ్బు ఉందో చెప్పమనండి. విద్యార్థులు రెండు, మూడు అంటారు. చీటీలు విప్పాక, ఈ పరీక్ష వాహకుడికీ రోగికీ తేడా చెప్పలేదని, ఆరు నెలల లోపు పిల్లల రక్తంలో గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడం వల్ల రోగిని కూడా తప్పించుకుపోనిస్తుందని తెలుస్తుంది. మసకబారిన ప్రతి నమూనాకూ రెండో పరీక్ష ఎందుకు తప్పనిసరో అప్పుడు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

నాలుగో పీరియడ్: జెల్

రెండో పరీక్షను విద్యుత్‌తో చేయవచ్చు. కొడవలి హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరుగా కదులుతుందని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపించింది. రుణావేశం గల గ్లుటామిక్ ఆమ్లం పోయి ఆవేశం లేని వాలీన్ రావడంతో, క్షార ద్రావణంలో ‘ఎస్’ ధనధ్రువం వైపు ‘ఏ’ కంటే నెమ్మదిగా వెళ్తుంది. దీన్ని మిఠాయి రంగులతో చూపవచ్చు. టార్ట్రాజీన్ అనే పసుపు రంగు వేగంగా, బ్రిలియంట్ బ్లూ అనే నీలం నెమ్మదిగా కదులుతాయి. కాబట్టి పసుపును ‘ఏ’గా, నీలాన్ని ‘ఎస్’గా అనుకుంటే వరస కూడా అసలు పరీక్షలాగే ఉంటుంది.

జెల్‌కు ప్రయోగశాలల్లో వాడే అగరోజ్ పొడి దొరకకపోతే కిరాణా కొట్టు చైనా గ్రాస్ సరిపోతుంది, రంగులు కాస్త నెమ్మదిగా, కొద్దిగా చెదురుతూ కదులుతాయి. లీటరు నీటికి 2 గ్రాముల వంటసోడా కలిపి ద్రావణం సిద్ధం చేసుకోండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి, గ్రామున్నర చైనా గ్రాస్ వేసి, పోగులు పూర్తిగా కరిగి ద్రవం తేటపడేదాకా మరిగించండి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో 7, 8 మిల్లీమీటర్ల మందంగా పోసి, వేడి తగ్గకముందే ఒక చివర దగ్గర, ప్లాస్టిక్ మూత నుంచి దువ్వెన ఆకారంలో కత్తిరించిన ముక్కను నిలబెట్టండి. పళ్లు అడుగుకు తగలకూడదు, తగిలితే గుంతలకు అడుగు లేక రంగు కిందికి జారిపోతుంది. అరగంటలో జెల్ గట్టిపడుతుంది. దువ్వెన తీసి, రెండు చివర్లా జెల్‌ను కొద్దిగా కోసి ఖాళీ చేసి, జెల్ మీద రెండు మూడు మిల్లీమీటర్లు నిలిచేలా మిగిలిన సోడా నీళ్లు పోయండి. ఉప్పు నీళ్లు వాడకండి, విద్యుత్ ప్రవహిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

ఎలక్ట్రోడులుగా పెన్సిల్‌లోని గ్రాఫైట్ కడ్డీలు వాడండి. 9 వోల్టుల బ్యాటరీలు ఐదింటిని ఒకదానికొకటి తగిలిస్తే 45 వోల్టులు వస్తాయి. తీగలు తగిలించి ఉన్నంతసేపు డబ్బాలో వేలు పెట్టరాదు. గోడ ప్లగ్గుకు కలిపే ఆలోచన ఏ పరిస్థితిలోనూ వద్దు.

రంగులు కొనేటప్పుడు సీసా మీది అంకెలు చదవండి. పసుపు మీద ఐఎన్‌ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) 102, నీలం మీద 133 ఉండాలి. ఆకుపచ్చ మీద ఆ రెండూ కలిపి ఉంటేనే మనకు పనికొస్తుంది, 143 అని ఉంటే అది వేరే రంగు. రంగులో కొంచెం చక్కెర పాకం కలిపితే బరువెక్కి గుంతలోకి దిగుతుంది. సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజితో చిన్న చుక్క చొప్పున వేయించండి. మొదటి మూడు గుంతల్లో తెలిసిన నమూనాలు: పసుపు, ఆకుపచ్చ, నీలం. తరువాతి మూడింట్లో కల్పిత కుటుంబం: అమ్మ, నాన్న, బిడ్డ. అమ్మకూ నాన్నకూ ఆకుపచ్చ, బిడ్డకు నీలం.

రంగు చూడగానే జవాబు తెలిసిపోతుంది కదా అని ఏదో ఒక బెంచీ నుంచి తప్పక వస్తుంది. రానివ్వండి. ఆకుపచ్చ చుక్కలో ఎన్ని రంగులున్నాయో చెప్పు అని తిరిగి అడగండి. చాలామంది ఒకటే అంటారు. గుంతలున్న చివర రుణధ్రువం వచ్చేలా తీగలు కలపండి. బుడగలు ఏ కడ్డీ దగ్గర ఎక్కువ వస్తాయో అదే రుణధ్రువం, అక్కడ వెలువడే హైడ్రోజన్ పరిమాణం అవతలి ఆక్సిజన్‌కు రెట్టింపు. నా మొదటి జెల్‌లో తీగలు తారుమారై రంగులన్నీ వెనక్కి నడిచి నీళ్లలో కలిసిపోయాయి. తరగతి ముందు మళ్లీ జెల్ కాచవలసి వచ్చింది.

పది పదిహేను నిమిషాల తరువాత ఆకుపచ్చ చుక్క ముందు అంచున సన్నని పసుపు గీత పుడుతుంది. మొదట దాన్ని గమనించేది ఒకరిద్దరే. మరికాసేపటికి పసుపు పూర్తిగా విడిపోయి ముందుకు సాగుతుంది, నీలం వెనక మిగులుతుంది, మధ్యలో ఆకుపచ్చ ఎక్కడా ఉండదు. బయటికి ఒకే రంగుగా, ఆరోగ్యంగా కనిపించిన అమ్మానాన్నల్లో రెండూ ఉన్నాయని, బిడ్డలో ఒకటే ఉందని పిల్లలు అప్పుడు తమంతట తామే అంటారు. ముప్పావు గంట నుంచి గంట వరకు నడిపి ఆపేయండి, ఎక్కువసేపు ఉంచితే గీతలు చెదిరిపోతాయి. బ్యాటరీలు, రంగుల నాణ్యతను బట్టి సమయం మారుతుంది కనుక ముందు రోజు ఒకసారి మీరే చేసి చూసుకోవాలి.

నివేదిక రాయించడం

చివరి పీరియడ్‌లో ప్రతి జంటా ఆ కల్పిత కుటుంబానికి నివేదిక రాయాలి. నేను మూడు భాగాలు అడుగుతాను: ఏ పరీక్ష చేశాం, ఏం కనిపించింది, దాని అర్థం ఏమిటి. మూడో భాగాన్ని జీవశాస్త్రం చదవని మనిషికి చెప్పినట్టు, వాళ్ల ఊరి మాటల్లో రాయమంటాను. అమ్మను తప్పుపట్టే వాక్యం ఉంటే మార్కు తీసేస్తాను. ఇద్దరి నుంచీ చెరొకటి వస్తే తప్ప ఈ జబ్బు రాదన్న సంగతి జెల్ మీదే ఉంది. వాహకురాలికి పెళ్లి కాదేమో అన్న మాట చర్చకు వస్తుంది, ఆడపిల్లల విషయంలోనే ముందు వస్తుంది. వాహకుల ఆరోగ్యం సాధారణంగా మామూలుగానే ఉంటుందని, ఇద్దరు వాహకులు జతకట్టినప్పుడే ప్రశ్న వస్తుందని, అది అబ్బాయికీ అమ్మాయికీ సమానమని వాళ్ల చార్టులోనే చూపించండి.

గర్భంలోనే తెలుసుకోవచ్చా అని కూడా అడుగుతారు. హిమోగ్లోబిన్ వ్యాధుల కోసం నమోదైన కేంద్రాల్లో అలాంటి పరీక్షకు 1994 నాటి చట్టం అనుమతిస్తుందని, అదే చట్టం శిశువు ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తుందని రెండూ కలిపే చెప్పాలి. నిజమైన కార్డు ఎవరైనా తరగతికి తెస్తే అందరి ముందూ చదవకండి. పీరియడ్ అయ్యాక పక్కకు పిలిచి, దాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చూపించమని చెప్పండి.

గత ఏడాది ఒక జంట రాసిన నివేదికలో మూడో భాగం ఇలా ఉంది: ‘మీ ఇద్దరికీ జబ్బు లేదు. మీ ఇద్దరి దగ్గరా ఒక్కో చుక్క పిక్క ఉంది. పాపకు రెండూ అవే వచ్చాయి. తరువాతి బిడ్డకు కూడా సంచిలో అవే పిక్కలు ఉంటాయి, అందుకని ముందుగా డాక్టరును అడగండి.’ యుగ్మ వికల్పకం అన్న మాట అందులో ఎక్కడా లేదు. పూర్తి మార్కులు వేశాను.